పట్టా, పోరంబోకు, నిర్వాసితుడు: విశాఖ ఉక్కు నగరంలో ఇంటి హక్కు చరిత్ర

కీలక పదాలు: నిర్వాసితులు, గ్రామకంఠం, పోరంబోకు, భూసేకరణ, ఉక్కు కర్మాగారం, పునరావాసం, సంచార జాతులు, రోమా ప్రజలు.

1. ఉపోద్ఘాతం

విశాఖపట్నం చరిత్రను సాధారణంగా నిర్మాణాల వరుసగా చెప్పుకుంటాం. 1933లో ఓడరేవు, 1941లో పునాది పడిన సింధియా నౌకా నిర్మాణ కేంద్రం, 1957లో చమురు శుద్ధి కర్మాగారం, 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారం అనే క్రమం పాఠ్యపుస్తకాల్లోనూ నగర చరిత్రల్లోనూ స్థిరపడింది. ఈ క్రమానికి వెనుకవైపు మరొక వరుస ఉంది. ఒక్కొక్క నిర్మాణం కోసం ఎవరో ఒకరు ఇల్లు ఖాళీ చేశారు. వారిలో కొందరికి ప్రభుత్వ దస్త్రంలో 'నిర్వాసితుడు' అనే పేరు దక్కింది. కొందరికి 'ఆక్రమణదారు' అనే పేరు వచ్చింది. ఇంకొందరికి ఏ పేరూ లేదు.

ఈ పేర్లు ఎక్కడినుంచి వచ్చాయి, వాటిలో దేనివల్ల ఏ హక్కు కలిగింది, ఏ హక్కు పోయింది అనే ప్రశ్నలను పరిశీలించడం ప్రస్తుత వ్యాసం ఉద్దేశ్యం. భూమి పోవడం, ఇల్లు పోవడం ఒకే నష్టం కాదు. అయితే విశాఖలో అమలైన చట్టమూ రెవెన్యూ లెక్కా మొదటిదానినే ప్రధానంగా గుర్తించి, రెండవదానిని దానికి అనుబంధంగా మాత్రమే చూశాయి. పట్టా ఉన్నవాడి ఇంటికి భూమి ద్వారా విలువ కట్టారు. పట్టా లేనివాడి ఇల్లు లెక్కలోకే రాలేదు. ఇదే కాలంలో ఐరోపాలో రోమా కుటుంబాలు ఎదుర్కొన్న తొలగింపులను పక్కన పెట్టి చూస్తే, ఇది ఒక ఊరికో ఒక దేశానికో పరిమితమైన సమస్య కాదని తెలుస్తుంది. అందుకే చివరి భాగాలలో ఆ పోలికను కూడా చేర్చాను.

2. రెవెన్యూ భాషలో ఇల్లు

విశాఖ జిల్లాలో చాలా భాగం ఒకప్పుడు జమీందారీల ఏలుబడిలో ఉండేది. 1802 నాటి శాశ్వత శిస్తు నిర్ణయం జమీందారును భూస్వామిగా స్థిరపరచింది. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం ఆ వ్యవస్థను తొలగించి రైతువారీ పద్ధతిని తెచ్చింది. దానితో సాగుచేసే రైతుకు పట్టా వచ్చే మార్గం ఏర్పడింది. ఈ మార్పు గురించి వ్యవసాయ చరిత్రకారులు విస్తారంగా రాశారు. ఈ క్రమంలో నివాసస్థలం ఏమైందన్న ప్రశ్నకు మాత్రం అంత చర్చ దక్కలేదు.

రైతువారీ లెక్కలో భూమిని శిస్తుతో గుర్తిస్తారు. పల్లం, మెట్ట, తోట అనే విభజన అంతా శిస్తు నిర్ణయం కోసమే. శిస్తు లేని భూమికి ఆ లెక్కలో వేరే పేర్లు కావలసివచ్చాయి. ఊరు ఉన్న చోటును 'గ్రామకంఠం' అన్నారు. చెరువు, వాగు, దారి, శ్మశానం, మేతబీడు వంటివి 'పోరంబోకు' అయ్యాయి. ఈ రెండవ మాట తమిళం నుంచి వచ్చింది. 'పురం' అంటే వెలుపల. శిస్తు లెక్కకు వెలుపల విడిచిన భూమి అన్నది దాని మూలార్థం. 1855లో వెలువడిన విల్సన్ రెవెన్యూ పదకోశం నాటికే ఇది మద్రాసు పాలనలో పాతుకుపోయిన మాట. ఉత్తరాంధ్రలో గెడ్డపోరంబోకు, చెరువు పోరంబోకు, కొండ పోరంబోకు అనే మాటలు నేటికీ వాడుకలో ఉన్నాయి. 'పోరంబోకు' అనే మాట మనుషులను తిట్టడానికి కూడా వాడుకలోకి రావడం యాదృచ్ఛికం కాదు. లెక్కకు వెలుపలి భూమి పేరు లెక్కకు వెలుపలి మనిషికి అంటుకుంది.

1905 నాటి మద్రాసు భూ ఆక్రమణ చట్టం ఈ విభజనకు చట్టబలం ఇచ్చింది. వేరొకరిదని తేలని భూమి అంతా ప్రభుత్వానిదే అన్నది దాని ప్రధాన సూత్రం. సొంతమైన ఇంటి స్థలాన్నీ పెరటినీ ఆ చట్టం మినహాయించింది. ఆ మినహాయింపు చాలా విలువైనది. అయితే ఇంటి స్థలం తనదని చూపవలసిన భారం ఉన్నవాడిమీదే పడింది. అదే చట్టం ఆరవ సెక్షను ప్రకారం, అనుమతి లేకుండా ప్రభుత్వ భూమిలో ఉన్నవారిని సంక్షిప్త విచారణతోనే తొలగించవచ్చు. దానికి ముందు నోటీసు ఇవ్వాలని ఏడవ సెక్షను చెబుతుంది. రాష్ట్రాలు మారినా ఈ చట్టం ఆంధ్రప్రదేశ్‌లో కొనసాగింది. గెడ్డ ఒడ్డున పాక వేసుకున్న కూలీకి ఇల్లు అనేది రెవెన్యూ భాషలో మొదటినుంచీ ఒక 'ఆక్రమణ' మాత్రమే.

3. ఓడరేవు: చిత్తడి నేల నగరం కావడం

1920ల వరకు విశాఖలో ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరు వేసేవి. సరుకు పడవల మీద ఒడ్డుకు చేరేది. మధ్య పరగణాల ఖనిజాన్ని సముద్రానికి చేర్చే మార్గం కావాలన్న బెంగాల్ నాగపూర్ రైల్వే అవసరం, డాల్ఫిన్ నోస్ కొండ వెనుకనున్న ఉప్పుటేటి చిత్తడి నేలకు ఒక కొత్త విలువను తెచ్చింది. ఆ చిత్తడిని తవ్వి, ఆ మట్టితోనే పక్క పల్లపు నేలను మెరక చేసి రేవు కట్టారు. 1933 అక్టోబరులో మొదటి ఓడ 'జలదుర్గ' లోపలికి వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో వైస్రాయి విల్లింగ్‌డన్ రేవును లాంఛనంగా ప్రారంభించాడు.

ఇక్కడ గమనించవలసిన విషయం భూమి స్వభావం మారడం. పంట పండని, శిస్తు రాని ఉప్పు నేల ఒక్క తరంలో అత్యంత విలువైన స్థలం అయింది. లెక్కకు వెలుపల ఉన్నంతకాలం ఆ నేలమీద వలలు ఎండబెట్టుకున్నా, పడవలు బాగుచేసుకున్నా, పాకలు వేసుకున్నా అడిగినవారు లేరు. విలువ రాగానే అదే వాడకం అక్రమమైంది. వాడబలిజ, జాలరి కుటుంబాలకు సముద్రపు ఒడ్డు పొలంతో సమానం. అయినా ఆ పొలానికి పట్టా ఉండదు. ఒడ్డు మీద హక్కు అనుభవంలో ఉంది గాని కాగితంలో లేదు. ఈ తేడా తరువాతి కాలంలో గంగవరం వద్ద మరింత స్పష్టంగా బయటపడింది.

1901లో సుమారు నలభై వేలున్న పట్టణ జనాభా 1951కి లక్ష దాటింది. 1981 నాటికి ఆరు లక్షలకు చేరింది. ఈ పెరుగుదలలో పెద్ద భాగం రేవు, నౌకా నిర్మాణం, శుద్ధి కర్మాగారం, రైల్వే పనులకోసం ఉత్తరాంధ్ర పల్లెలనుంచీ ఒడిశానుంచీ వచ్చిన శ్రామికులది. నగరం వారి శ్రమకు చోటు ఇచ్చింది. వారి ఇంటికి చోటు ఇవ్వలేదు. కొండ వాలు, గెడ్డ గట్టు, రైలు పట్టాల పక్క స్థలం వారి నివాసాలయ్యాయి. రాచకొండ విశ్వనాథశాస్త్రి కథాలోకం ఈ మనుషులదే. విశాఖలో న్యాయవాదిగా పనిచేసిన ఆయన, 'ఆరు సారా కథలు' మొదలుకొని తన రచనల్లో పేదవాడికి ప్రభుత్వం ఎదురయ్యే తీరును పోలీసు, కోర్టు, పూచీకత్తు రూపాల్లో చూపాడు. స్థిరమైన చిరునామా లేని మనిషి చట్టం ముందు ఎంత బలహీనుడో తెలుసుకోవడానికి ఆ రచనలు చరిత్ర పరిశోధకుడికి కూడా ఆధారాలే.

4. 'హక్కు' అనే మాట: 1966 నుంచి 1992 వరకు

'విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు' అన్న నినాదం తెలుగువారి రాజకీయ జ్ఞాపకంలో చెక్కుచెదరనిది. ఆంగ్లో అమెరికన్ నిపుణుల బృందం అయిదవ ఉక్కు కర్మాగారానికి విశాఖను సిఫారసు చేసినా కేంద్రం నిర్ణయం ఆలస్యం కావడంతో 1966లో ఉద్యమం రాజుకుంది. అక్టోబరులో టి. అమృతరావు నిరాహారదీక్ష చేశారు. నవంబరు 1న విశాఖలో పోలీసు కాల్పులు జరిగాయి. రాష్ట్రమంతటా 32 మంది ప్రాణాలు కోల్పోయారని ఉద్యమ చరిత్రలు చెబుతాయి. 1970 ఏప్రిల్‌లో ప్రధాని ఇందిరాగాంధీ పార్లమెంటులో కర్మాగారాన్ని ప్రకటించారు. 1971 జనవరి 20న ఆమె చేతులమీదుగానే శంకుస్థాపన జరిగింది.

ఆ నినాదంలోని 'హక్కు' ఒక జాతి హక్కు. ఆ హక్కు సాధన కోసం గాజువాక, పెదగంట్యాడ పరిసర గ్రామాల ప్రజలు తమ భూములూ ఇళ్లూ ఇచ్చారు. సాధారణంగా ఉదహరించే లెక్కల ప్రకారం 64 గ్రామాలు, సుమారు 16,500 కుటుంబాలు, 22 వేల ఎకరాలకు పైగా భూమి. జాతి హక్కుకూ ఊరి హక్కుకూ మధ్య వైరుధ్యం ఉందని ఆ రోజుల్లో బహిరంగంగా అనడం కష్టం. ఉద్యమంలో ప్రాణాలు పోయిన తరువాత భూమి ఇవ్వననడం ద్రోహంగా కనిపించే వాతావరణం అది. అందువల్ల నిర్వాసితులు 'మా ఊరు మాకు కావాలి' అని అడగడానికి బదులు 'మాకు ఉద్యోగం కావాలి' అని అడిగారు. తరువాతి అర్ధ శతాబ్దపు పోరాటానికి స్వభావాన్ని నిర్ణయించింది ఈ మలుపే.

భూసేకరణ 1894 నాటి చట్టం కింద జరిగింది. ఆ చట్టం ప్రకారం పరిహారం నాలుగవ సెక్షను ప్రకటన వెలువడిన నాటి మార్కెట్ విలువను బట్టి ఉంటుంది. దానిపై బలవంతపు సేకరణకు గాను 15 శాతం అదనంగా ఇచ్చేవారు. 1984 సవరణ దానిని 30 శాతం చేసింది. పరిహారం అడగడానికి అర్హుడు భూమిలో 'ప్రయోజనం' ఉన్నవాడు. ఇంటికి కట్టడపు విలువ కడతారు. కమ్మల పాకకు కట్టగలిగే విలువ తాటికమ్మలదీ వాసాలదీ మాత్రమే. ఆ ఇంట్లో ఉండడంవల్ల కలిగే పని, పొరుగు, అప్పు పుట్టే నమ్మకం, నీటి బావి, కళ్లం, శ్మశానం, గ్రామదేవత గుడి ఏ కాలమ్‌లోనూ ఇమడవు. భూమిలేని పాలికాపు, చాకలి, మంగలి, కుమ్మరి, ఊరిని ఆధారం చేసుకుని బతికిన భిక్షుక, సంచార కుటుంబాలు ఈ లెక్కలో నష్టపోయినవారే కారు.

ఇక కాలం సంగతి. శంకుస్థాపన 1971లో జరిగినా, రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ లిమిటెడ్ ఏర్పడింది 1982లో. మొదటి బ్లాస్ట్ ఫర్నేసు 'గోదావరి' వెలిగింది 1990లో. ప్రధాని పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేసింది 1992 ఆగస్టు 1న. పునాదిరాయికీ ఉత్పత్తికీ మధ్య దాదాపు రెండు దశాబ్దాలు. భూమి పోయిన నాటికి పదేళ్లున్న పిల్లవాడు కొలువులు తెరిచిన నాటికి సంసారి. పరిహారపు సొమ్ము అంతకాలం నిలవదు. ఉద్యోగ అర్హతకు గుర్తుగా ఇచ్చిన పునరావాస కార్డును ప్రజలు 'ఆర్ కార్డు' అన్నారు. ఆ కార్డు భూమి పట్టా స్థానాన్ని ఆక్రమించింది. అది వారసత్వ ఆస్తిలా దాచుకునే కాగితం అయింది. కార్డుదారుల్లో సుమారు సగం మందికే కర్మాగారంలో ఉద్యోగం దక్కిందని నిర్వాసిత సంఘాలు దశాబ్దాలుగా చెబుతూ వచ్చాయి. వడ్లపూడి, అగనంపూడి వంటి చోట్ల వెలసిన నిర్వాసిత కాలనీలు నేడు నగర వార్డులు. 'నిర్వాసిత కాలనీ' అన్న పేరు మాత్రం బస్సు బోర్డులమీద, చిరునామాల్లో మిగిలింది. మూడవ తరం మనిషి కూడా తన చిరునామాలో తాత పోగొట్టుకున్నదాన్ని రాస్తూనే ఉన్నాడు.

5. నిర్వాసితుడు, కాందిశీకుడు, ఆక్రమణదారు

ఈ మూడు మాటల చరిత్ర విడివిడిగా చూడదగినది. 'నిర్వాసిత' సంస్కృత పదం. నివాసంనుంచి వెళ్లగొట్టబడినవాడు అని దాని అర్థం. రాముడు సీతను అడవికి పంపిన కథను సీతా నిర్వాసనం అంటాం. అంటే ఈ మాటలో వెళ్లగొట్టిన కర్త ఒకడున్నాడన్న సూచన వ్యాకరణంలోనే ఉంది. ప్రభుత్వ తెలుగులో ఆ కర్త కనుమరుగయ్యాడు. 'ప్రాజెక్టువల్ల నిర్వాసితులైనవారు' అన్నప్పుడు వరదవల్ల ఇల్లు కూలినట్టు, ప్రకృతి చేసిన పనిలా ధ్వనిస్తుంది. అయినా నిర్వాసిత సంఘాలు ఈ మాటను వదలలేదు. తమను ఎవరో పంపించారన్న ఆరోపణను ఆ మాట మోస్తూనే ఉందని వారు గ్రహించారు.

'కాందిశీకుడు' అన్న మాటకు మూలం 'కాం దిశం', ఏ దిక్కుకు పోవాలి అన్న ప్రశ్న. యుద్ధంవల్ల, దేశ విభజనవల్ల వచ్చినవారికి తెలుగు పత్రికలు ఈ మాట వాడాయి. నిర్వాసితుడికి పంపినవాడు ఉంటాడు. కాందిశీకుడికి పోవలసిన చోటు ఉండదు. ఉక్కు కర్మాగారంవల్ల కదిలిన భూమిలేని కుటుంబాలు నిజానికి రెండూ. వారిని పంపినవారూ ఉన్నారు, పోవలసిన చోటూ లేదు. అయినా ఆ రెండు పేర్లలో ఏదీ వారికి దక్కలేదు.

'ఆక్రమణదారు' అన్న మూడవ మాట దిశను తిప్పేస్తుంది. మొదటి రెండింటిలో మనిషి బాధితుడు. మూడవదానిలో మనిషే కర్త, నేరం అతనిదే. గ్రామం పోయిన వ్యవసాయ కూలీ బతుకుతెరువుకు గాజువాకవైపు వచ్చి గెడ్డ గట్టున పాక వేసుకుంటే, అదే మనిషి ఒక దస్త్రంలో కనిపించడు, మరొక దస్త్రంలో నేరస్థుడిగా కనిపిస్తాడు. ప్రభుత్వ స్థలాలనుంచి అనధికార నివాసులను తొలగించే కేంద్ర చట్టం కూడా 1971లోనే వచ్చింది. ఓడరేవులు, ప్రభుత్వ రంగ సంస్థల భూములు దాని పరిధిలోకి వచ్చాయి. శంకుస్థాపనా ఈ చట్టమూ ఒకే సంవత్సరంలో రావడం కాకతాళీయమే కావచ్చు. రెండూ ఒకే నగరంలో ఒకే జనంమీద పనిచేశాయన్నది మాత్రం కాకతాళీయం కాదు.

2005లో గాజువాక పురపాలక సంఘమూ చుట్టుపక్కల గ్రామాలూ కలిసి మహా విశాఖ నగరపాలక సంస్థ ఏర్పడింది. 2011 జనగణనలో, పది లక్షలు దాటిన భారతీయ నగరాలన్నింటిలో మురికివాడ కుటుంబాల నిష్పత్తి అత్యధికంగా, 44 శాతానికి పైగా, ఇక్కడే నమోదైంది. ఇంత పెద్ద సంఖ్యను వ్యక్తుల అక్రమ ప్రవర్తనగా వివరించడం సాధ్యం కాదు. శ్రమను పిలిచి ఇంటిని పిలవని నగర నిర్మాణ విధానమే దానికి కారణం.

6. రెండు విధానాలు: ఉన్నచోటే బాగుచేయడం, దూరంగా పంపడం

ఇదే నగరంలో భిన్నమైన అనుభవం కూడా ఉంది. 1988లో బ్రిటిష్ ప్రభుత్వ ఆర్థిక సహాయంతో మొదలై 1990ల మధ్యవరకు సాగిన మురికివాడల అభివృద్ధి పథకం, జనాన్ని కదల్చకుండా ఉన్నచోటనే దారులు, మురుగు కాలువలు, వీధి దీపాలు, సామాజిక భవనాలు కల్పించింది. ఆ పథకంలో లోపాలు ఉన్నాయని విమర్శకులు చూపారు. నిర్వహణ కొనసాగలేదు, మరీ పేదలకు అందిన ఫలం తక్కువ. అయినా ఇల్లు ఉన్నచోటే ఉండవచ్చునన్న సూత్రాన్ని అది అంగీకరించింది.

2005 తరువాత జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ పట్టణ నవీకరణ పథకం కింద బహుళ అంతస్తుల కాలనీలు మధురవాడ వంటి శివార్లలో వెలిశాయి. సిమెంటు కప్పు, మరుగుదొడ్డి, విద్యుత్తు దక్కడం చిన్న మేలు కాదు. అయితే రేవులో కళాసీగా, చేపల బజారులో అమ్మకందారుగా, నాలుగిళ్లలో పనిమనిషిగా బతికే కుటుంబానికి ఇల్లంటే నాలుగు గోడలు మాత్రమే కాదు. తెల్లవారుజామున నడిచి పనికి చేరగలిగిన దూరం కూడా ఇల్లే. పాత ఊరినుంచి పదిహేను కిలోమీటర్ల దూరానికి పంపినప్పుడు, గోడలు దక్కి దూరం పోతుంది. బస్సు ఛార్జీ ఇంటద్దెలా మారుతుంది.

గంగవరం ఉదాహరణ ఇంకా తీవ్రమైనది. 2000ల దశకంలో అక్కడ లోతు రేవు కట్టినప్పుడు గంగవరం, దిబ్బపాలెం జాలరి కుటుంబాలు ఒడ్డును కోల్పోయాయి. రేవు 2009లో ప్రారంభమైంది. ఉక్కు కర్మాగారం కోసం లోతట్టు పొలాలు పోయిన ప్రాంతంలోనే, ఒక తరం తరువాత సముద్రపు వైపు కూడా మూసుకుపోయింది. జాలరి కుటుంబానికి ఒడ్డుకు దూరంగా పక్కా ఇల్లు ఇవ్వడమంటే, రైతుకు పొలం లేని ఊళ్లో మేడ ఇవ్వడంవంటిది.

7. సంచారం నేరమైన వేళ: ఎరుకల అనుభవం, రోమా అనుభవం

పట్టా లేకపోవడం పేదరికంవల్ల ఒక్కటే రాదు. కొన్ని సమూహాలకు స్థిరనివాసం లేకపోవడాన్నే నేరంగా భావించిన చరిత్ర ఉంది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాజధానికి విస్తరించింది. ఎరుకలవారిని సువార్త సంస్థల అజమాయిషీలో స్టువర్టుపురం, సీతానగరం వంటి సెటిల్‌మెంట్లలో ఉంచారు. తీరంనుంచి ఉప్పునూ లోపలినుంచి ధాన్యాన్నీ గాడిదలమీద మోసి వర్తకం చేసిన ఈ సమూహం, రైలు మార్గాలవల్లా ఉప్పు విధానంవల్లా వృత్తిని కోల్పోయిన తీరును మీనా రాధాకృష్ణ తన పరిశోధనలో వివరించారు. వృత్తి పోయినవాడిని ప్రభుత్వం మొదట అనుమానితుణ్ణి చేసి, తరువాత నేరస్థుణ్ణి చేసి, చివరకు గేటు ఉన్న ఊళ్లో ఉంచింది. 1952లో చట్టం రద్దయింది. మాట రద్దు కాలేదు. నగరాల్లో గుడారాలు వేసుకునే కుటుంబాలను పండుగలకూ ప్రముఖుల రాకలకూ ముందు ఖాళీ చేయించే అలవాటు ఆ చరిత్రకు కొనసాగింపే.

భాషాశాస్త్ర ఆధారాల ప్రకారం భారతదేశంనుంచి వెయ్యేళ్ల క్రితం పడమరకు వెళ్లినవారి సంతతి అయిన రోమా ప్రజల అనుభవం దీనికి దగ్గరిది. రుమేనియాలోని క్లూజ్ నపోకా నగరంలో 2010 డిసెంబరు 17న కోస్తెయ్ వీధినుంచి 76 రోమా కుటుంబాలను తొలగించి, నగరపు చెత్తకుప్పల సమీపంలోని పాటా రాట్ ప్రాంతానికి తరలించారు. బస్సు, బడి, ఆసుపత్రి అందుబాటులో ఉన్న నడి ఊరినుంచి వారు అంచుకు చేరారు. బల్గేరియా రాజధాని సోఫియాలో 1960, 70 దశకాలనుంచి పురపాలక భూమిలో నివసిస్తున్న రోమా కుటుంబాలను 2005లో తొలగించబోగా, యోర్దనోవా కేసులో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం 2012లో ఇచ్చిన తీర్పు గమనించదగినది. నివాసం చట్టవిరుద్ధంగా మొదలైనా, దశాబ్దాలపాటు అధికారులు చూస్తూ ఊరుకున్నందువల్ల అక్కడ ఒక సమాజం వేళ్లూనుకున్నదని, ప్రత్యామ్నాయం ఆలోచించకుండా తొలగించడం ఇంటిపట్ల గౌరవాన్ని కోరే హక్కుకు భంగమని ఆ తీర్పు సారాంశం. భూమి ఎవరిది అన్న ప్రశ్ననుంచి ఇల్లు ఎవరిది అన్న ప్రశ్నను ఆ న్యాయస్థానం విడదీసింది.

మన న్యాయచరిత్రలో ఈ విభజన పూర్తిగా లేకపోలేదు. 1985 నాటి ఓల్గా టెల్లిస్ తీర్పులో సుప్రీంకోర్టు, కాలిబాట నివాసిని తొలగిస్తే అతని జీవనోపాధి పోతుందని, జీవనోపాధి జీవించే హక్కులో భాగమని గుర్తించింది. అయితే నోటీసు ఇచ్చి, వర్షాకాలం గడిచిన తరువాత తొలగించడానికి అనుమతించింది. 1995 నాటి చమేలీ సింగ్ తీర్పు ఆశ్రయాన్ని జీవించే హక్కులో చేర్చింది. విశేషమేమంటే ఆ కేసు దళితుల ఇళ్లకోసం జరిగిన భూసేకరణను సమర్థించిన తీర్పు. ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో భారతదేశం 1979లోనే చేరింది. ఆ ఒడంబడిక కమిటీ 1997లో బలవంతపు తొలగింపులపై ఇచ్చిన వివరణ, ముందస్తు సంప్రదింపు, తగిన నోటీసు, నిరాశ్రయులు కాకుండా చూడడం అనే మూడింటినీ ప్రభుత్వాల బాధ్యతగా చెప్పింది. మన దగ్గర సూత్రానికి కొరత లేదు. సూత్రం తహసీల్దారు కార్యాలయపు రిజిస్టరులోకి దిగలేదు.

8. పొయ్యి లెక్క, సర్వే నంబరు లెక్క

2014 జనవరినుంచి అమలులోకి వచ్చిన 2013 నాటి భూసేకరణ చట్టం ఈ విషయంలో ఒక మలుపు. మూడేళ్లుగా ఆ భూమిమీద ఆధారపడి బతికిన కౌలుదారు, వ్యవసాయ కూలీ, చేతివృత్తివారి కుటుంబాలను కూడా అది 'ప్రభావిత కుటుంబం'గా గుర్తించింది. ఇల్లు పోయినవారికి ఇల్లు ఇవ్వాలన్నది పునరావాస జాబితాలో చేరింది. ఉక్కు కర్మాగారం నాటికి ఈ నిర్వచనం ఉండి ఉంటే నిర్వాసితుల జాబితా వేరేగా ఉండేది. 1970ల జాబితాను సర్వే నంబరును బట్టి రాశారు. 2013 చట్టం కనీసం సూత్రరీత్యా పొయ్యిని బట్టి రాయమంటున్నది.

ఈ చర్చకు నేటి ప్రాముఖ్యం ఉంది. 2021 జనవరిలో కేంద్ర మంత్రివర్గ సంఘం ఉక్కు కర్మాగారంలో ప్రభుత్వ వాటా మొత్తాన్ని ఉపసంహరించడానికి సూత్రప్రాయంగా ఆమోదం తెలిపిన నాటినుంచి, నిర్వాసిత కుటుంబాలు కార్మికులతోపాటు నిరసన శిబిరాల్లో కూర్చున్నాయి. ప్రజాప్రయోజనం కోసమని తీసుకున్న భూమి ఆ ప్రయోజనం మారితే ఎవరిదవుతుంది అన్న వారి ప్రశ్న, యాభై ఏళ్లుగా అడగకుండా ఉంచిన ఇంటి ప్రశ్నకు మరొక రూపం. అప్పట్లో ఊరికి బదులుగా వారు ఉద్యోగాన్ని అంగీకరించారు. ఆ ఉద్యోగమే అనిశ్చితమైనప్పుడు, ఆ బదలాయింపు తిరిగి చర్చకు రావడం సహజం.

9. ముగింపు

విశాఖ చరిత్రలో ఇల్లు కోల్పోయినవారు మూడు రకాలుగా నమోదయ్యారు. పట్టాదారు నిర్వాసితుడయ్యాడు. పట్టా లేనివాడు ఆక్రమణదారయ్యాడు. సంచారి అనుమానితుడయ్యాడు. ముగ్గురూ కోల్పోయింది ఒకటే అయినా, రెవెన్యూ భాష ముగ్గురికీ మూడు స్థానాలు కల్పించింది. ఈ స్థానాలను పుట్టించినది శిస్తు లెక్క. శిస్తుకు నేడు ప్రాముఖ్యం తగ్గినా, అది పెంచిన పదజాలం ఇంకా హక్కులను పంచుతూనే ఉంది.

తెలుగు శాఖల పరిశోధనకు ఇక్కడ ఒక స్పష్టమైన కర్తవ్యం కనిపిస్తున్నది. అరవై నాలుగు గ్రామాల ఇంటిపేర్లు, గెడ్డల పేర్లు, కళ్లాల పేర్లు, గ్రామదేవతల జాతరలు, పెళ్లి సంబంధాల హద్దులు ఇప్పటికి వృద్ధుల నోట మాత్రమే ఉన్నాయి. కణితి పేరు కర్మాగారపు జలాశయానికి నిలిచింది. అలాంటి ఆనవాలు కూడా మిగలని ఊళ్ల విషయంలో, మౌఖిక చరిత్ర సేకరణే చివరి రికార్డు అవుతుంది. ఆ సేకరణలో పట్టాదారు కుటుంబాలతోపాటు, ఏ జాబితాలోనూ లేని పాలికాపుల, చేతివృత్తులవారి, సంచారుల కుటుంబాలను కూడా వెదకి నమోదు చేయాలి. ఊరి పటాన్ని సర్వే నంబర్లతో కాక ఇంటింటి పొయ్యిలతో గీయాలి. భవిష్యత్తులో పరిహారం గాని, పునరావాసం గాని చర్చకు వచ్చినప్పుడు ఆ పటం సాక్ష్యంగా పనికివస్తుంది.